కష్టకాలంలో కలిగిన విశ్వాసం నిలుస్తుందా? కడప నుంచి ఒక జవాబు

నిరుడు ఉద్యోగం పోయి, ఆ వెంటనే తండ్రిగారిని కూడా పోగొట్టుకున్న మీరు, కొన్ని నెలలుగా అనంతపురంలో ఆదివారాలు మందిరానికి వెళ్తున్నారనీ, అక్కడ మనసు కుదుటపడుతోందనీ రాశారు. అయితే "కష్టం వచ్చింది కాబట్టి దేవుణ్ణి పట్టుకున్నావు, తీరగానే వదిలేస్తావు" అని మీ అన్నగారు అన్న మాట మిమ్మల్ని వేధిస్తోందన్నారు. ఇలా పుట్టిన విశ్వాసం నిలుస్తుందా, బతుకుకు మళ్ళీ ఒక ప్రయోజనం కనబడుతుందా, బాప్తిస్మం ఇప్పుడే తీసుకోవాలా అని అడిగారు. నేను కడపలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. హిందూ కుటుంబంలో పుట్టి, భర్త పోయిన తర్వాత క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చినదాన్ని కాబట్టి, నాకు తెలిసిన మేరకు చెబుతాను.

మీ అన్నగారి మాట పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. సువార్తల్లో యేసు దగ్గరికి వచ్చినవారిలో చాలామంది ఏదో ఒక ఆపద తరిమితే వచ్చినవారే. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి ఉన్నదంతా వైద్యులకే ధారపోసిన స్త్రీ, చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం కాళ్ళమీద పడిన యాయీరు, నిప్పుల్లోనూ నీళ్ళలోనూ పడిపోయే కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, నమ్ముతున్నాను గానీ నా అపనమ్మకం పోయేట్టు సాయం చేయమని వేడుకున్న తండ్రి, అందరూ అలాంటివారే. ముందు మనసు సరిచేసుకుని తర్వాత రమ్మని ఆయన వీరిలో ఎవరినీ తిప్పి పంపలేదు. అయితే లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే, తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, అతడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడే. కష్టం తీరగానే మరచిపోయేవారి సంగతి ఆ గ్రంథానికే తెలుసు, మీ అన్నగారు కొత్తగా కనిపెట్టింది కాదు. కాబట్టి విశ్వాసం దేనివల్ల మొదలైందన్న దానికి నేను పెద్దగా విలువ ఇవ్వను. కష్టం తీరకపోయినప్పుడు అది ఏమైంది, కాస్త తెరిపి దొరికినప్పుడు దానితో మనం ఏం చేశాం అన్నదే చూస్తాను.

నా విషయంలో కష్టం తీరలేదు. మా ఇంటాయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలాక డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. చేయించుకునేవారు లోపల మంచం మీద ఉంటే, వెంట వచ్చినవాళ్ళం బయట వరండాలో కూర్చుంటాం. రోజులు మారవు కాబట్టి మనుషులూ మారరు. ప్రతి మనిషి పక్కనా ఒక టిఫిను డబ్బా, పాత ప్రిస్క్రిప్షన్లు కుక్కిన ఒక ప్లాస్టిక్ సంచి ఉండేవి. లోపలికి పోయే ముందు బరువు చూసేవారు. క్రితంసారికి ఇప్పటికి పెరిగినదంతా ఒంట్లో నిలిచిన నీరే కాబట్టి, ఆ అంకె ఎక్కువైతే అత్తాకోడళ్ళమిద్దరం ముఖముఖాలు చూసుకునేవాళ్ళం. చెనక్కాయల ఊరిబిండి లేనిదే సంగటి ముద్ద మింగని మనిషికి ఉప్పు తగ్గించి, కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళు కొలిచి పెట్టవలసి రావడం, చెప్పుకుంటే చిన్న సంగతే గానీ, ఆ ఇంట్లో ఉన్నవారికి చిన్నది కాదు.

ఆ వరండాలోనే ఒక అక్క పరిచయమైంది. ఆమె భర్తది మా ఇంటాయన పక్క మంచం. ఆమె నాతో అన్న మొదటి మాట దేవుడి గురించి కాదు, "ఏం మా, ఏమన్నా తింటివా?" అన్నది. న్యూస్ పేపరు అట్ట వేసిన బైబిలు ఆమె ఒళ్ళో ఉండేది గానీ, నేను అడిగేదాకా తెరిచి చూపించలేదు. ఒకనాడు అడిగాను. ఎనభై ఎనిమిదో కీర్తన చదవమని నా చేతికిచ్చింది. చాలా కీర్తనలు మొరతో మొదలై స్తుతితో ముగుస్తాయి, ఇది మాత్రం చివరిదాకా వెలుగు కనబడకుండానే ముగుస్తుంది. దేవుడి పుస్తకంలో ఇలాంటిది ఎందుకు ఉంచారని అడిగితే, "మనలాంటోళ్ళు సదువుకునేదానికి" అంది. దేవుడి ఎదుట నిష్ఠూరమాడవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మంచి మాటలు, మొక్కులు, ముడుపులు తెలుసు. ఫిర్యాదు కూడా ప్రార్థనే అవుతుందని ఆ నూటయాభై కీర్తనల్లో తెలిసింది. వాటిలో దాదాపు మూడోవంతు ఇలాంటి మొరలేనని తర్వాత మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరుగారు, చెప్పారు.

మా ఇంటాయన పోయారు. ప్రార్థన చేసినవారు లేకపోలేదు, చేయించుకోకపోలేదు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మీకు కూడా ఎదురై ఉంటుంది: "విశ్వాసం చాలలేదు కాబట్టే స్వస్థత రాలేదు", "ఏదో పాపం అడ్డుపడింది" అనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. స్వస్థత కూటమని పిలిచి, వేదిక మీదికి రాలేని రోగిని వెనక వరుసలో వదిలేసేవారూ ఉంటారు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అన్నాడు యేసు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయనే తన శ్రమల గిన్నె తొలగిపోవాలని అడిగాడు, అది తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు, అదీ ఉండిపోయింది. వారికి విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా? ఈ మూడు చోట్లూ చూపించినా వినని మనిషి ఎదురైతే వాదించకుండా తప్పుకోండి.

నాకు దొరికింది జవాబు కాదు, తోడు. బైబిలులో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాక అంతా చెడగొట్టారు. మా సంఘం వారు మొదటి పనే చేశారు. నేను మందిరంలో ఎడమవైపు ఆడవాళ్ళ చాపల మీద, వెనక గోడకు ఆనుకుని కూర్చుని, పాటలు వచ్చేటప్పుడు పాడకుండా ఉన్న ఆదివారాలు చాలా ఉన్నాయి. ఎవరూ సాక్ష్యం చెప్పమనలేదు. తెలుగులో క్రైస్తవ పాటలు రాసిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల్లో ఉన్న తెలుగు నడక, ఆ రాగాలు ముందు చెవికి పట్టాయి, అర్థం తర్వాత మెల్లగా దిగింది. తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి అలా జరిగిందేమో.

ఇక ప్రయోజనం సంగతి. "దేవుడు నన్ను దేనికి పిలిచాడో తెలుసుకోవాలి" అని రాశారు. అంత పెద్ద మాట నాకు ఎన్నడూ తట్టలేదు. మా ఇంటాయన పోయిన కొన్నాళ్ళకు వరండాలో కలిసిన ఆ అక్కే ఫోను చేసింది. మైదుకూరు వైపు నుంచి ఒక అమ్మాయి తండ్రిని కొత్తగా డయాలసిస్‌కు తెచ్చిందనీ, ఏమీ తెలియక ఏడుస్తోందనీ, ఒకసారి వచ్చి కూర్చోమనీ అడిగింది. మళ్ళీ ఆ వరండా ముఖం చూడకూడదనుకున్నదాన్ని, అయినా వెళ్ళాను. చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసే ఏర్పాటు, వేసిన వైపు బీపీ చూడనివ్వకూడదని, డయాలసిస్‌కు తప్ప సూది గుచ్చనివ్వకూడదని, బరువులు మోయనివ్వకూడదని చెప్పాను. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్సకు ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో, నెలకు 10,000 రూపాయల డయాలసిస్ పింఛనుకు సచివాలయంలో ఎవరిని కలవాలో ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆ అమ్మాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. ఇప్పుడు బడి లేని పూట నేను వెళ్ళి కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చినవారికి అవే మాటలు చెబుతాను. దేవుడి మాట వారు అడిగితేనే ఎత్తుతాను, చాలామంది అడగరు, అందుకు నాకేమీ చింత లేదు. అపొస్తలుల కార్యములలో యొప్పే ఊరి దొర్కా ఒక్క ప్రసంగం చేసినట్టు లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టి ఇచ్చిన అంగీలను తెచ్చి పేతురుకు చూపించి ఏడ్చారని మాత్రం ఉంది. మీరు పిలుపు కోసం ఎదురుచూసేకంటే, మీరు పడిన కష్టమే ఇప్పుడు పడుతున్నవారు ఎవరున్నారో మీ సంఘంలో వాకబు చేయండి. ఉద్యోగం పోయిన మనిషికి దరఖాస్తు రాసిపెట్టడం మీకు వచ్చు కదా.

బాప్తిస్మం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది: దుఃఖం పచ్చిగా ఉన్న ఏడాదిలో వద్దు. మా అయ్యగారు నన్ను ఆగమన్నారు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలూ నెమ్మదిగా చదివించారు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం ఒకటి పూర్తిగా గడిచాక మళ్ళీ అడిగారు. ఈలోపు మా ఇంటాయన సంవత్సరీకం అత్తగారి ఇష్ట ప్రకారమే, మా అబ్బాయి చేతుల మీదుగా జరిగింది. అందులో నేను అడ్డు చెప్పలేదు, చెప్పాలని సంఘంలో ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరుడి దగ్గరికి ముస్లిములు వచ్చే ఊరు మాది, అమీన్‌పీర్ దర్గాకు అన్ని మతాలవారూ పోతారు. మందిరానికి పోయి వస్తే ఎవరూ వింతగా చూడరు. బాప్తిస్మం అనగానే మాత్రం ఇంట్లో లెక్క మారుతుంది. "ఎక్కడినుంచో వచ్చిన మతం" అని మా అత్తగారు అన్నప్పుడు, లండను మిషను వారు కడపకు వచ్చింది 1822లోనని నేను చెప్పి ఉండవచ్చు గానీ, ఆ అవసరం రాలేదు. తాను పుట్టింది జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో, ఆ మిషను దొరసానుల చేతుల్లోనేనని ఆమే ఒకనాడు తనంతట తాను గుర్తు చేసుకున్నారు. ఇప్పటికీ ఆమెకు ఇది ఇష్టం లేదు. ఆదివారం నాకు టిఫిను ముందుగా పెట్టి పంపుతారు, అంతవరకే.

ఇంకొక సంగతి మందిరాల్లో ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి రాస్తున్నాను. మీరు ఎస్సీ కులానికి చెందినవారైతే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు, దాని వాటా ఒక్క శాతమే. ఇది న్యాయమా అంటే కాదనే నా అభిప్రాయం. అయినా ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న మీరు ఇది తెలిసి నిర్ణయించుకోవాలి, తర్వాత తెలిసి బాధపడకూడదు. తేదీ ఖరారు చేయమని ఎవరైనా తొందరపెడితే, మీ అయ్యగారితో నేరుగా మాట్లాడి, తండ్రిగారి సంవత్సరీకం అయ్యేదాకా గడువు అడగండి. అది కూడా ఇవ్వని సంఘమైతే వేరొకటి చూసుకోండి, అనంతపురంలో సంఘాలకు కరువు లేదు.