జనవరి పేజీల గురించి

తమ్ముడూ,

తేదీవారీగా ఘటనలు, ఇంగ్లీషు మాటలు, సూక్తులు వేసే ‘ఈ రోజు’ శీర్షికకు నువ్వు పంపిన జనవరి పేజీలు చదివాను. విజయనగరం బడుల్లో పొద్దున్నే అసెంబ్లీలో పిల్లలు గట్టిగా చదివేది ఇదే. ఇక్కడ తప్పు పడితే వందమంది నోట నిలిచిపోతుంది.

తేదీకి పది ఘటనలు కుక్కావు. రెండు చాలు: ఒకటి మన వైపుది, ఒకటి బయటిది. 24వ తేదీన 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఉండి తీరాలి. ‘యుద్ధం జరిగిన రోజు’ అని వదిలేశావు. ఎవరి మీదికి ఎవరు వచ్చారో రాయి: ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. ఈ పేజీ రెండు ఊళ్లవాళ్లూ చదువుతారు కనుక వీరుడు, ద్రోహి లాంటి విశేషణాలు వద్దు.

22న గిడుగు రామమూర్తి గారి వర్ధంతి. ఆయన పోయింది 1940లో, కాబట్టి 2026లో వచ్చేది 86వది. నువ్వు 87 వేశావు. ఏడాదిలోంచి ఏడాది తీసెయ్, ఒకటి కలపకు.

న్యూటన్ పుట్టినరోజు జనవరి 4 అన్నావు, ఇప్పటి క్యాలెండరు లెక్కన తప్పు కాదు. కానీ అప్పటి ఇంగ్లాండు పాత క్యాలెండరులో అది 1642 డిసెంబరు 25. అక్కడ క్యాలెండరు మారింది 1752లో. అంతకుముందు ఇంగ్లాండు తేదీ ఏది వేసినా పాతదో కొత్తదో చెప్పు.

ఇంగ్లీషు మాటను తేదీతో కలిపితే పేజీకి ప్రాణం వస్తుంది. ‘సెరెండిపిటీ’ని ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ 1754 జనవరి 28న ఒక ఉత్తరంలో పుట్టించాడు. దాన్ని 28కి జరుపు. ‘అదృష్టం’ అన్న నీ అర్థం చాలదు. లాటరీ తగలడం సెరెండిపిటీ కాదు. పట్టాదారు పాసుపుస్తకం కోసం బీరువా వెతుకుతుంటే తాతగారి ఉత్తరాల కట్ట బయటపడడం సెరెండిపిటీ. ఇలాంటి వాక్యం ఒకటి ఉంటే పిల్లలు మాటను వాడగలుగుతారు. పలికే తీరు తెలుగులో రాసి, ఏ అక్షరం దగ్గర నొక్కాలో చూపించు: ‘డి’ దగ్గర.

30న గాంధీజీ పేరుతో వేసిన ‘నువ్వు కోరే మార్పు నువ్వే కా’ తీసెయ్. ఆయన రచనల్లో ఆ మాట ఆ రూపంలో లేదు. ఎక్కడ, ఎప్పుడు అన్నారో దొరకని సూక్తికి పెద్దవాళ్ల పేరు తగిలించడం వాళ్లకు అన్యాయం. ఆ చోట సామెత వేసుకో, దానికి ఎవరి పేరూ అక్కర్లేదు.

ఫిబ్రవరి పేజీలు పదిహేను రోజుల ముందే పంపు. ప్రతి తేదీ పక్కన అది ఏ పుస్తకంలో, ఏ పేజీలో దొరికిందో పెన్సిలుతో రాసి పంపు.