పాఠకులు సమస్యలు పంపడానికి యాప్ అవసరమా? మా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నలుగురు కలిసి చిన్న వార్తావేదిక మొదలుపెట్టారు, జనం తమ సమస్యలు నేరుగా పంపేలా ఒక యాప్ చేయించాలనుకుంటున్నారు, చేతిలో ఉన్న డబ్బు దానిమీద పెట్టవచ్చా అని.

పెట్టకండి. మేం ఒకసారి పెట్టి చూశాం.

మా టీమ్‌లో రిపోర్టర్లు ముగ్గురు, కోడ్ రాసేది నేను. ఆరు నెలలు కష్టపడి యాప్ తయారుచేశాం. లాగిన్, ఓటీపీ, సమస్య ఏ విభాగానిదో ఎంచుకునే జాబితా, మ్యాప్ మీద ఎర్ర చుక్కలు, అన్నీ ఉన్నాయి. మొదటి నెల చుక్కలు బాగానే పడ్డాయి, మేం మురిసిపోయాం. మూడో నెలకి ఆగిపోయాయి. సర్వర్‌లో ఏదో తేడా వచ్చిందనుకుని రెండు రోజులు లాగ్‌లు తిరగేశాను. తేడా అక్కడ లేదు. చివరికి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, నేను రెండుసార్లు ఫొటో పెట్టాను. మీకు అందిందా? ఎవరైనా చూశారా? మీ మ్యాప్‌లో చుక్కలా పడి ఉండటానికా నేను పంపింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చుక్కలు పోగేశామే గానీ, ఆ తర్వాత ఏం చేయాలో మేం ఆలోచించనే లేదు.

ఇలాంటివి బాగా నడిపినవాళ్లు ఏం చేశారో అప్పుడు గానీ వెతకలేదు. బ్రిటన్‌లో మైసొసైటీ అనే సంస్థ 2007లో ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్ పెట్టింది. పైకి చూస్తే మాదీ అలాంటిదే. కానీ అక్కడ రోడ్డు మీది గుంత గురించి రాస్తే అది దానికి బాధ్యులైన స్థానిక కౌన్సిల్‌కి నేరుగా వెళ్తుంది. నాలుగు వారాల తర్వాత రాసినవాళ్లకి మెయిల్ వస్తుంది, బాగుచేశారా లేదా అని. మేం వదిలేసింది సరిగ్గా ఆ ఒక్క మెయిల్‌నే.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది సీజీనెట్ స్వర, మామూలు ఫోన్ కాల్స్ మీద నడిచే వార్తావేదిక. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌదరి 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలుపెట్టారు. యాప్ లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదవడం రాయడం కూడా రానక్కర్లేదు. మిస్డ్ కాల్ ఇస్తే సిస్టమే తిరిగి ఫోన్ చేస్తుంది, చెప్పాల్సింది గొంతుతో రికార్డు చేయొచ్చు. తమ భాషలో పత్రిక అన్నదే దొరకని గోండీ మాట్లాడేవాళ్లు కూడా విలేకరులయ్యారు. వచ్చినదాన్ని మోడరేటర్లు సరిచూశాకే మిగతావాళ్లకి వినిపిస్తారు. సమస్య చెప్పిన మనిషి చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెబుతాడు. విన్నవాళ్లు ఆ నంబరుకి ఫోన్ చేసి అడుగుతారు. పని జరిగితే ఆ సంగతి కూడా మళ్లీ రికార్డవుతుంది. వార్త విన్నవాళ్ల చేతికి వెంటనే ఒక పని దొరుకుతుందన్నమాట. ఇంత తెలివైన ఏర్పాటు నేను పెద్ద పెద్ద న్యూస్‌రూమ్‌లలో కూడా చూడలేదు.

మేం యాప్ మూసేసి ఒక వాట్సాప్ నంబరు ఇచ్చాం. వచ్చినవి రాసుకోవడానికి వెనక ఎక్సెల్ లాంటి ఒక మామూలు షీట్. పంపిన ప్రతివాళ్లకీ మూడు మెసేజ్‌లు వెళ్లాలని నియమం పెట్టుకున్నాం: అందింది, సరిచూశాం, ఫలానా జరిగింది. మూడోది చాలాసార్లు "మూడుసార్లు అడిగాం, ఆఫీసు నుంచి జవాబు రాలేదు" అనే ఉండేది. అలా రాయడానికి నామోషీగా ఉండేది. విచిత్రమేమిటంటే దానికే ఎక్కువ జవాబులు వచ్చేవి, "అయితే మేం కూడా వచ్చి అడుగుతాం" అని.

ఒక తప్పు మాత్రం మీరు చేయకండి. యాప్ రోజుల్లో ఒకావిడ ఫిర్యాదు పెడితే, మ్యాప్ మీద చుక్క సరిగ్గా ఆవిడ ఇంటి మీదే పడింది. ఎవరు పెట్టారో అందరికీ తెలిసిపోయింది, ఆవిడకి బెదిరింపులు వచ్చాయి. తప్పు పూర్తిగా మాదే. అప్పటినుంచి లొకేషన్ వీధి స్థాయికి మించి చూపించం. ఫొటో ఫైల్‌లో దాగి ఉండే జీపీఎస్ వివరాలు తీసేశాకే వేస్తాం. ఇక పాత ఫొటోలు కొత్తవిగా వస్తూనే ఉంటాయి. రివర్స్ ఇమేజ్ సెర్చ్ (అదే ఫొటో ఇంతకుముందు నెట్‌లో ఎక్కడైనా ఉందా అని వెతకడం) కొంత పట్టిస్తుంది గానీ, "అదే చోటు ఇంకో వైపు నుంచి తీసి పంపండి" అని అడగడం అంతకంటే బాగా పనిచేసింది.

కాగితాల కట్టలు చేతికొస్తే పాఠకుల సాయం తీసుకోవచ్చు. 2009లో బ్రిటన్ ఎంపీల ఖర్చుల పత్రాలు నాలుగున్నర లక్షల పైచిలుకు పేజీలు బయటికొస్తే, గార్డియన్ పత్రిక వాటిని పాఠకుల ముందు పెట్టింది. 20 వేల మందికి పైగా చదివిపెట్టారు. వాళ్లు ఒక్కో పేజీ చూసి, ఇందులో ఏమీ లేదా, దీన్ని తవ్వాలా అని బటన్ నొక్కితే చాలు. మేం మొదట స్కాన్ చేసిన లెక్కల పుస్తకం మొత్తం పెట్టి "చదివి చెప్పండి" అన్నాం, ఒక్కరూ ముట్టుకోలేదు. తర్వాత ఒక్కో పేజీ, ఒక్కో ప్రశ్న ఇచ్చాం: ఇందులో రాసిన మొత్తం ఎంత? వారాంతంలో అయిపోయింది. ఒకే పేజీ ఇద్దరికి ఇచ్చి, అంకెలు కలవకపోతే మూడో మనిషికి పంపేవాళ్లం.

వాయిస్ మెసేజ్‌ని అక్షరాల్లోకి మార్చే ఏఐ టూల్స్ ఇప్పుడు బాగానే ఉన్నాయి, మేమూ వాడతాం. పేర్లు, అంకెలు మాత్రం మనిషి విని సరిచూడాల్సిందే.

డబ్బు సంగతికొస్తే, దాంతో రోజుకి కొన్ని గంటలు కూర్చుని జవాబులు రాసే మనిషిని పెట్టుకోండి. మ్యాప్ ఉండి తీరాలనుకుంటే కొత్తగా కట్టక్కర్లేదు. 2008లో కెన్యా ఎన్నికల అనంతర హింసను నమోదు చేయడానికి పుట్టిన ఉషాహిదీ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. ఫిక్స్‌మైస్ట్రీట్ కోడ్ కూడా అంతే. మా యాప్ కోడ్ కూడా నా దగ్గర ఇంకా ఉంది, అడిగితే ఇస్తాను గానీ, మొదటి రెండే చూడండి.