టెక్ సందేహాలు: అద్దం లేవకపోతే మోటారే పోయిందనుకోవాలా?

ఈసారి వచ్చిన వాటిలో కారు పవర్ విండోల గొడవే ఎక్కువగా ఉంది. ఫోన్ల సంగతి మరోసారి చూద్దాం.

ప్రశ్న: డ్రైవరు వైపు అద్దం దిగడం బాగానే దిగుతోంది. లేచేటప్పుడే ఈడ్చుకుంటూ వచ్చి సగంలో ఆగిపోతోంది. మోటారు పోయింది, సెట్టు మొత్తం మార్చాలంటున్నారు. మార్పించమంటారా? (చీమకుర్తి పాఠకుడు)

జవాబు: అప్పుడే వద్దు. మీ ఊరి పేరు చూడగానే నాకు అనుమానం రాతి దుమ్ము మీదికి పోయింది. గ్రానైట్ క్వారీల దారిలో రోజూ తిరిగే బండికి ఆ దుమ్ము అద్దం జారే రబ్బరు గాడిలోకి చేరుతుంది. తడిసి, ఎండి, గట్టిపడి అద్దాన్ని పట్టేస్తుంది. దిగేటప్పుడు అద్దం బరువే మోటారుకు సాయం కాబట్టి తేడా తెలియదు. లేచేటప్పుడు ఆ బరువునూ, గాడి పట్టునూ రెండింటినీ మోటారే లాక్కోవాలి.

తేల్చుకోవడం సులువే. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా ఇస్తుంది, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 14 దగ్గరికి వస్తుంది. ఇంజిన్ ఆన్‌లో అద్దం చురుగ్గా లేస్తే బ్యాటరీని చూపించండి. అప్పటికీ ఈడుస్తుంటే ఒకరిని స్విచ్ పట్టుకోమని, మీరు అద్దానికి లోపలా బయటా అరచేతులు ఆనించి పైకి తోయండి. వేళ్లు మాత్రం పై అంచు దగ్గర పెట్టొద్దు. ఆ కాస్త సాయానికే గబగబా లేచిందంటే చాలావరకు తప్పు గాడిదే.

అద్దం పూర్తిగా దించి, పలుచటి ప్లాస్టిక్ స్కేలుకు తడిగుడ్డ చుట్టి, రెండు వైపులా గాడిలో పైనుంచి కిందికి లాగండి. మొదటిసారి గుడ్డ బయటికి తీస్తే సిమెంటు పాలలాంటి బూడిదరంగు బురద అంటుకుని వస్తుంది. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా చేసి, ఆరనిచ్చి, సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరినూనె, గ్రీజు వద్దేవద్దు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత ఆ జిడ్డుకే దుమ్మంతా అంటుకుని మళ్లీ మొదటికొస్తుంది. పైగా గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది.

ఇంకొకటి. ఆగిపోయిందని స్విచ్ అదేపనిగా నొక్కి పట్టుకోకండి. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు ఆపేసే ఏర్పాటు ఉంటుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ పనిచేస్తుంది. ‘దానంతటదే పోయి దానంతటదే బాగైంది’ అని జనం చెప్పే కథల్లో చాలా వాటి గుట్టు ఇదే. గాడి శుభ్రం చేశాక కూడా ఈడుస్తుంటే అప్పుడు మోటారును అనుమానిద్దాం.

ప్రశ్న: వెనక ఎడమ అద్దం ఆ డోరు స్విచ్‌తో పనిచేస్తుంది, డ్రైవరు దగ్గర నొక్కితే చలనం లేదు. ఫ్యూజు మార్చినా అంతే. (మైపాడు)

జవాబు: ఆ డోరు స్విచ్‌తో కదులుతోందంటే మోటారు, ఫ్యూజు రెండూ బాగున్నట్టే. మిగిలింది డ్రైవరు డోరులోని మెయిన్ స్విచ్, దాని నుంచి వెళ్లే వైర్లు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో స్విచ్ కనెక్టరు పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం మామూలే. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించి చూడండి.

అప్పటికీ కాకపోతే డోరుకూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే పోతాయి. డోరు తెరిచీ మూసీ లోపల తీగలు తెగుతుంటాయి. స్విచ్ నొక్కి పట్టుకుని డోరును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండండి. ఎక్కడో ఒకచోట అద్దం కదిలిందా, దొంగ దొరికినట్టే. ముందు డ్రైవరు డోరుతో, తర్వాత ఆ వెనక డోరుతో చేయండి.

ప్రశ్న: కొత్త బ్యాటరీ వేయించాక అద్దం పైదాకా పోయి మళ్లీ దానంతటదే దిగుతోంది. (ఒంగోలు)

జవాబు: చెయ్యి అడ్డం పడితే అద్దాన్ని వెనక్కి దించే రక్షణ మీ కారులో ఉంది. బ్యాటరీ తీసినప్పుడు అద్దం ఎక్కడ ఆగాలో మరిచిపోయింది. చాలా కార్లలో అద్దం పూర్తిగా దించి, స్విచ్‌ను పైకి ఎత్తి, అద్దం మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది. కంపెనీని బట్టి వరుస మారుతుంది, మాన్యువల్ చూసి చేయండి. ఆ కాసేపూ రక్షణ పనిచేయకపోవచ్చు, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ప్రశ్న: వానలో హైవే మీద వస్తుంటే టప్పున శబ్దం వచ్చి అద్దం డోరులోకి పడిపోయింది. మోటారు గుయ్‌మంటోంది. (కావలి)

జవాబు: గుయ్‌మంటోందంటే మోటారు బతికే ఉంది. అద్దాన్ని మోసే రెగ్యులేటరు కేబులో, ప్లాస్టిక్ క్లిప్పో తెగింది. స్విచ్ ఇక ముట్టుకోకండి, తెగిన కేబులు లోపల చుట్టుకుంటే ఉన్న మోటారు కూడా పాడవుతుంది. అద్దం అంచు చేతికి అందితే రెండు అరచేతుల మధ్య పట్టి పైకి లాగి, డోరు ఫ్రేముకు టేపు వేసి షెడ్డుకు తీసుకెళ్లండి. డోరు గట్టిగా వేయకండి. చాలా మోడళ్లకు రెగ్యులేటరు విడిగా దొరుకుతుంది, అదొక్కటే అడగండి.

పని చేస్తుంటే పక్కనే నిలబడండి. డోరు ప్యాడ్ వెనక పలుచటి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. తొందరలో దాన్ని చింపి పారేసేవాళ్లే ఎక్కువ. అది లేకపోతే అద్దం మీంచి జారే నీళ్లు కారు లోపలికి దిగుతాయి. కార్తీకం వానలకు కాళ్ల కింద మ్యాటు ఎందుకు తడుస్తోందో తెలియక తలపట్టుకుంటారు. చినిగితే కొత్త షీటు కత్తిరించి అంటించమనండి.

ప్రశ్న: వెనక కూర్చున్న వాళ్ల స్విచ్‌లు రెండూ ఒకేసారి పోయాయి. నా దగ్గర మాత్రం నాలుగూ పనిచేస్తున్నాయి. (నెల్లూరు)

జవాబు: మీ స్విచ్‌ల పక్కనే అద్దం మీద అడ్డగీత బొమ్మ ఉన్న బటన్ ఒకటి ఉంటుంది. దాన్నొకసారి నొక్కండి. పిల్లల కోసం పెట్టిన లాక్ అది, కారు తుడిచేటప్పుడు గుడ్డ తగిలి పడి ఉంటుంది.