యజమానే అమ్ముకుంటే షేరు ఎందుకు పడుతుంది?

ప్రశ్న: ఫ్యాక్టరీ ఎప్పటిలాగే నడుస్తుంది, లాభాలూ వస్తుంటాయి. పెద్దాయన తన సొంత షేర్లు అమ్ముకుంటే మాకెందుకు నష్టం?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనండీ, కంపెనీ ఖాతాలోంచి రూపాయి కూడా పోదు. పడేది నమ్మకం. లోపలి సంగతులు అందరికంటే ముందు తెలిసే మనిషే అమ్ముతున్నాడంటే మనకు తెలియనిదేదో ఉందేమోనని జనానికి టెన్షన్. పైగా ఒకేసారి అన్నేసి షేర్లు మార్కెట్లోకొస్తే కొనేవాళ్లు రేటు తగ్గించే అడుగుతారు.

అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లానే చూడండి. 2021 నవంబర్ 6, శనివారం, దాని అధిపతి ఎలాన్ మస్క్ తన వాటాలో 10 శాతం అమ్మమంటారా అని ట్విట్టర్లో ఓటింగ్ పెట్టాడు, దాదాపు 58 శాతం మంది అమ్మేయమన్నారు, ఇంకేముంది, సోమవారం షేరు సుమారు 5 శాతం, మంగళవారం ఏకంగా 12 శాతం పడిపోయింది. తీరా కాగితాలు బయటికొచ్చాక చూస్తే, స్టాక్ ఆప్షన్ల (ముందే ఖాయం చేసిన రేటుకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) మీద పన్ను కట్టడానికి కొన్ని అమ్మకాలు సెప్టెంబర్లోనే ఖాయమైపోయాయి!

అందుకే అమ్మారనగానే కంగారుపడకండి. ఎంత అమ్మారు, ఇంకా ఎంత మిగిలింది, ఎందుకు అమ్మారు అన్నది చూడండి. మన దగ్గర ప్రమోటర్ల (అంటే కంపెనీ యజమానుల) పెద్ద లావాదేవీలు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలపాలి, ఆ వివరాలు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి.