చెయ్యి వణికిన రోజు: సంగీతకారుల ఉత్తరాలకు జవాబులు

ఇరవయ్యారేళ్లు స్టూడియోల్లో వయొలిన్ వాయించాను. అందులో చివరి ఆరేళ్లు మందులు వాడుతూ, కౌన్సెలింగ్‌కు వెళ్తూ వాయించాను. నేను డాక్టర్ని కాను. అందుకే ఇక్కడ వైద్యం గురించి రాసే ప్రతి మాటా నాకు చికిత్స చేసిన సైకియాట్రిస్టుకు చదివి వినిపించాకే అచ్చుకు పంపుతాను. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను.

ప్రశ్న: నా వయసు 29. పదేళ్లుగా ట్రాకులు పాడుతున్నాను. పేరున్న గాయని వచ్చేదాకా పాట ఎలా ఉంటుందో చూపించడానికి నా గొంతు వాడతారు, తర్వాత తీసేస్తారు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ‘గంటలో రాగలవా’ అంటారు. వెళ్లకపోతే ఇంకెప్పుడూ పిలవరేమోనని వెళ్తాను. డబ్బు మూడు నాలుగు నెలలకు గానీ రాదు, ఒక్కోసారి అసలే రాదు. ఆరు నెలలుగా మైకు ముందు నిలబడితే చాలు, గుండె దడ, నోరు ఎండిపోవడం. పై షడ్జం, అంటే పై స్థాయి ‘స’, దగ్గర గొంతు బిగుసుకుపోతోంది. ఇంట్లోవాళ్లు ‘పాడుకోవడమేగా, అదీ ఒక కష్టమేనా’ అంటున్నారు. నాలో విద్య అయిపోయిందా?

జవాబు: లేదమ్మా, అయిపోలేదు. మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. లాలాజలం తగ్గుతుంది. ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలు బిగుస్తాయి. పై షడ్జానికి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం కదా, అడుగునుంచి వచ్చే ఊపిరి, వదులుగా ఉన్న గొంతు. మీరు నేర్చుకున్నది మీ దగ్గరే ఉంది, అది బయటికి వచ్చే దారి బిగుసుకుపోయింది.

నాకిది వయొలిన్ తంత్రుల మీద లాగే కమాను పట్టుకున్న చేతికి వచ్చింది. ఎనిమిది వయొలిన్లం కలిసి ఒక పొడుగాటి స్వరం, చాలా మెల్లగా, లాగాలి. నా కమాను తంత్రి మీద ఎగిరింది. సంగీత దర్శకుడు ఆపాడు, ఎవరి వైపూ చూడలేదు, ఇంకో టేకు అన్నాడు. మళ్లీ ఎగిరింది. మూడో టేకులో కమానును తంత్రికి వెంట్రుకవాసి ఎత్తున పెట్టి వాయించినట్టు నటించాను. ఆ టేకు ఓకే అయింది. అప్పటి నుంచి మూడేళ్లు, మెల్లగా లాగే స్వరం వచ్చినప్పుడల్లా నేను నటించాను. పక్క కుర్చీలో కూర్చునే మనిషికి కూడా చెప్పలేదు. ఆ మూడేళ్లలో నన్ను తినేసింది వణుకు కాదు, దాన్ని దాచడం. ఇంటికి వచ్చాక కూడా ఆ దాచే పని ఆగేది కాదు.

ఒకసారి తోటి వాద్యకారుడొకరు మాత్ర ఇచ్చాడు, ప్రొప్రనలాల్. చెయ్యి నిజంగానే నిలబడింది. రెండో రోజు రాత్రి ఊపిరి ఆడలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మందు తీసుకోకూడదన్న సంగతి అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ఇదేమీ మా ఇద్దరి సంగతే కాదు. 1987లో అమెరికాలో సింఫనీ ఆర్కెస్ట్రాల వాద్యకారుల్ని అడిగితే, జవాబిచ్చిన 2,212 మందిలో 27 శాతం మంది ఈ కోవ మందులు, అంటే బీటా బ్లాకర్లు, వాడామని చెప్పారు. చాలామంది డాక్టరు చీటీ లేకుండానే వాడారు. మీకూ ఎవరో ఒకరు ఇస్తారు. దయచేసి డాక్టరు చూసి రాయకుండా వేసుకోకండి.

ఇంకొక సంగతి. పియానో విద్వాంసుడు వ్లాదిమిర్ హొరోవిట్జ్ 1953లో వేదిక దిగి పన్నెండేళ్లు మళ్లీ ఎక్కలేదు. 1965లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో తిరిగి వాయించారు. అంత విద్వత్తు ఉన్నవాడికీ అంత భయం ఉండేది. అందుకే వణుకు చూసి విద్యను కొలవకూడదని నేను నమ్ముతాను.

ఇప్పుడు మీరు రాసిన మిగతా విషయాలు. మీ ఉత్తరాన్ని ఇంకోసారి చదవండి. అర్ధరాత్రి ఫోన్లు, వస్తుందో రాదో తెలియని డబ్బు, ప్రాణం పెట్టి పాడిన గొంతును పని అయ్యాక చెరిపేయడం. ఇన్ని రాసి, చివరికి ‘నాలో విద్య అయిపోయిందా’ అని అడిగారు. పని ఎలా ఉందో చెప్పి తప్పు మీలో వెతుక్కున్నారు. మనవాళ్లందరం ఇదే చేస్తాం, నాకు దీని మీద చాలా కోపం ఉంది. బ్రిటన్‌లో వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో 2,211 మంది సంగీతరంగం వాళ్ల జవాబులు సేకరించారు. 71 శాతం మంది తీవ్రమైన ఆందోళన గానీ, పానిక్ అటాక్‌లు, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, గానీ అనుభవించామన్నారు, 68 శాతానికి పైగా డిప్రెషన్ అన్నారు. చెప్పాలనుకున్నవాళ్లే జవాబిచ్చి ఉంటారు కాబట్టి ఈ లెక్కను అందరికీ అంటగట్టకూడదు. కానీ అదే పరిశోధనలో సంగీతం తమకు ఊరటనిస్తోందని, దాన్ని వృత్తిగా చేసుకుని బతకాల్సి రావడమే జబ్బు చేస్తోందని చెప్పినవాళ్లు ఉన్నారు. ఈ తేడా మీ ఇంట్లోవాళ్లకు తెలియాలి. ‘పాడుకోవడమేగా’ అంటున్నారు కదా, వీలైతే ఒకరిని ఒక్కరాత్రి మీతో స్టూడియోకు తీసుకెళ్లండి. వాదన అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

చేయాల్సినవి చెప్తాను. ముందు మామూలు డాక్టరు దగ్గర రక్తపరీక్ష. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తహీనత ఉన్నా గుండె దడ వస్తుంది. తర్వాత ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరపేటికను కెమెరాతో చూపించుకోండి, గొంతు పాడైందేమోనన్న అనుమానం తేలిపోతుంది. ఆ రెండూ అయ్యాక సైకాలజిస్టు. వేదిక భయానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే భయం పెంచే ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స, బాగా పనిచేస్తుంది, అది చేసేవాళ్లేనా అని ముందే అడిగి వెళ్లండి. మైకు ముందు దడ మొదలైతే ఊపిరి లోపలికి లాగడానికి పోరాడకండి. బయటికి వదలడాన్ని పొడిగించండి, లోపలికి నాలుగు లెక్కపెట్టేంతైతే బయటికి ఎనిమిది. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లోపే శిఖరానికి వెళ్లి దిగడం మొదలుపెడుతుంది. ఆ పది నిమిషాలు గడవడానికి ‘మంచినీళ్లు తాగి వస్తాను’ అనే ఒక్క మాట సిద్ధంగా పెట్టుకోండి.

రాత్రి ఫోన్లకు నేను చివరికి ఒకే వాక్యం పెట్టుకున్నాను: ‘తొమ్మిది దాటితే రాలేను, పొద్దున ఏడింటికైనా వస్తాను.’ ఇద్దరు నన్ను పిలవడం మానేశారు. ఆ నష్టం నిజం, మీకు దాచను. మిగతావాళ్లు పొద్దునకు మార్చుకున్నారు. డబ్బు సంగతి, పాట మొదలుపెట్టే ముందే మెసేజ్‌లో రాయండి: తేదీ, పాట, ఎన్ని గంటలు, ఎంత, ఎప్పటికిస్తారు. ‘సరే’ అన్న జవాబు వచ్చాకే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆ ఒక్క ‘సరే’ రేపు అడగడానికి నోరిస్తుంది.

ప్రశ్న: నేను డ్రమ్మర్ని, 24 ఏళ్లు. ప్రోగ్రామ్ అయ్యాక చెవుల్లో కీచుమని మోత. మొదట్లో పొద్దున్నకి తగ్గేది, ఇప్పుడు రెండు రోజులుంటోంది. నిద్ర లేదు, చిన్న మాటకే అందరి మీదా అరుస్తున్నాను. ఇది చెవి సమస్యా, మనసు సమస్యా?

జవాబు: తమ్ముడూ, మొదలు చెవి దగ్గరే, నువ్వు అరిచేది నిద్ర లేక. మోత వల్ల నిద్ర పోతుంది, నిద్ర లేనివాడికి మోత ఇంకా పెద్దగా వినిపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

లెక్క చూడు. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే నయోష్ సంస్థ హద్దు 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి పదిహేను నిమిషాలు. సింబల్స్, అదే నీ డ్రమ్స్‌లోని లోహపు పళ్లేల, పక్కన కూర్చున్నవాడికి 100 దాటడం ఎంతసేపు? సౌండ్ చెక్‌లోనే నీ ఆ రోజు వాటా అయిపోతోంది. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నటి రోమకణాలు చస్తే మళ్లీ మొలవవు.

దూదీ ఫోమూ పెట్టుకోకు. అవి పై స్వరాలనే ఎక్కువ మింగుతాయి. సింబల్ మొద్దుగా వినిపించి నువ్వు ఇంకా గట్టిగా కొడతావు. సంగీతకారుల కోసం చేసిన ఇయర్ ప్లగ్స్ వేరే ఉంటాయి, పై స్వరాల్నీ కింది స్వరాల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. మొదటి రెండు వారాలు ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉంటుంది, రిహార్సల్లో అలవాటు చేసుకుని తర్వాత ప్రోగ్రామ్‌కు వెళ్లు. పడుకునేటప్పుడు గది పూర్తిగా నిశ్శబ్దంగా ఉంచకు, ఫ్యాను చప్పుడంత ఏదైనా ఉంటే మెదడు మోతనే పట్టుకుని వేలాడదు. ఈ వారంలో ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకో. ఒక చెవి హఠాత్తుగా మూసుకుపోయినట్టు వినికిడి తగ్గితే మాత్రం ప్రోగ్రామ్ వదిలేసైనా అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి పరిగెత్తు. దానికి మొదటి రోజుల్లో ఇచ్చే స్టెరాయిడ్ చికిత్సే మేలు చేసేది.

ప్రశ్న: సొంతంగా పాటలు చేసి స్ట్రీమింగ్‌లో పెడుతున్నాను. అర్ధరాత్రి మూడింటికి లేచి ఎంతమంది విన్నారో చూస్తున్నాను. అంకె పెరగకపోతే ఆ రోజంతా ట్యూను రాదు.

జవాబు: ఆ అంకె మీ ట్యూను గురించి చెప్పేది చాలా తక్కువ. ఉదాహరణకు స్పాటిఫైలో ఒక్కో వినికిడికి స్థిరమైన రేటు లేదు. వచ్చిన డబ్బంతా ఒకచోట వేసి మొత్తం వినికిళ్లలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. మీ పాట ఉన్నచోటే ఉన్నా, ఇంకెవరిదో పెరిగితే మీ వాటా తగ్గుతుంది. పైగా 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినని పాటకు అక్కడ రాయల్టీయే లేదు. ఇలాంటి అంకెకు మీ నిద్ర ఇవ్వకండి. ఆ యాప్‌ను స్నేహితుడి ఫోన్‌లోకి మార్చి, ఆదివారం ఒక్కసారి చెప్పమనండి. కొత్త పాటను మీరు నమ్మే ఒక చెవికి ముందు వినిపించండి, ఆ మనిషి ఎక్కడ తల ఊపాడో చూడండి.

ప్రశ్న: మావారు గిటారిస్టు. నెలరోజుల టూర్ నుంచి వచ్చి నాలుగు రోజులుగా మంచం దిగడం లేదు. తాగడం పెరిగింది. గిటారు పెట్టె తెరవలేదు. తర్వాతి టూర్ అడ్వాన్సు ఇంట్లో ఖర్చయిపోయింది. నిన్న ‘నేను లేకపోయినా మీకేం లోటు’ అన్నారు. అలసటే కదా?

జవాబు: అమ్మా, టూర్ తర్వాత కొన్నాళ్లు కుంగిపోవడం మామూలే. నెలపాటు రాత్రి పదకొండింటికి ఒళ్లు ఉప్పొంగి, తెల్లవారుజామున పడుకున్న మనిషి ఒక్కరోజులో మామూలవడు. మందు తాగితే త్వరగా నిద్ర పడుతుంది గానీ రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలైపోతుంది. పని వల్ల ఒట్టిపోవడాన్ని (బర్నౌట్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో చేర్చుతూ, దాన్ని వృత్తికి సంబంధించిన స్థితిగానే రాసింది. ఇవన్నీ నిజమే. కానీ ఆయన అన్న చివరి మాటను అలసటలో కలిపేయకండి.

ఆయన మేలుకుని, తాగకుండా ఉన్నప్పుడు పక్కన కూర్చుని నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం, అలా పుట్టదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగినందుకే భారం తగ్గుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలు, ప్రాణానికి ముప్పు తెచ్చేవి ఏమున్నా ఆయనకు అందకుండా తీసేయండి. అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి, లేదా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. దారి దొరకకపోతే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు మీరే ఫోన్ చేయవచ్చు. లేదన్నా ఈ వారంలో డాక్టరుకు చూపించండి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కొందరికి ప్రమాదం, అది కూడా డాక్టరుతో చెప్పే చేయించండి.

అడ్వాన్సు గురించి. 2022లో కెనడా పాప్ గాయకుడు షాన్ మెండెస్ మానసిక ఆరోగ్యం కోసమని చెప్పి తన ప్రపంచ టూర్ ఆపేశాడు. అతనికి ఆ స్తోమత ఉంది, మీ ఇంట్లో లేదు, నాకు తెలుసు. అయినా దారి ఉంది. ఆ పాటలన్నీ తెలిసిన ఇంకో గిటారిస్టును ఆయన తరఫున మీరే మాట్లాడి, నిర్వాహకులకు ఆ పేరు చెప్పండి. ఖర్చయిన అడ్వాన్సును విడతలుగా తీరుస్తామని రాసివ్వండి. ఖాళీ కుర్చీ చూపించేవాళ్ల మీద కోపం వస్తుంది గానీ, మనిషిని చూపించేవాళ్ల మాట చాలామంది వింటారు. నా తరఫున నా భార్య ఇలాగే మాట్లాడింది.

గిటారు పెట్టె మూసి ఉంటే ఉండనివ్వండి. ‘కాసేపు వాయిస్తే బాగవుతుంది’ అని ఎవరూ అనకుండా చూడండి. ఆయన ఏం చెప్పారో నాకు రాయండి, ఈసారి పత్రికలో కాకుండా నేరుగా మీకే జవాబు పంపుతాను.