పన్నెండు తీగల గణగణ

ప్రశ్న: అమెరికా రాక్ బృందం బర్డ్స్ పాడిన ‘మిస్టర్ టాంబరీన్ మ్యాన్’లో గిటార్ గంటలా మోగుతుంది. నా పన్నెండు తీగల అకౌస్టిక్ గిటార్‌పై ఆ మోత రావడం లేదు. పైగా సన్న జి తీగ తరచూ తెగుతోంది. ఏం చేయాలి?

జవాబు: బాబ్ డిలాన్ రాసిన ఆ పాటను బర్డ్స్ 1965 జనవరి 20న హాలీవుడ్‌లో రికార్డు చేశారు. బృందంలో వాయిద్యం పట్టింది రోజర్ మెగ్విన్ ఒక్కరే, మిగతా వాయిద్యాలన్నీ స్టూడియో వాద్యకారులు వాయించారు. న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన జూలై 25 గురించే అందరూ చెప్పుకుంటారు. కానీ అంతకు నెల ముందే ఈ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. జానపదాన్నీ రాక్‌నూ కలిపిన ఫోక్ రాక్‌కు అసలు మలుపు ఇదే.

మెగ్విన్ వాయించింది రికెన్‌బ్యాకర్ కంపెనీ పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్. పన్నెండు తీగలు ఆరు జతలుగా ఉంటాయి. మామూలు పన్నెండు తీగల గిటార్‌లో కిందికి మీటితే, సన్న, లావు తీగలు కలిసిన నాలుగు జతల్లో ముందు సన్న తీగ పలుకుతుంది, ఇందులో లావు తీగ. అంతకంటే ముఖ్యం కంప్రెషన్, అంటే ధ్వనిలో హెచ్చుతగ్గులను తగ్గించడం. అది మీటు దెబ్బను అణచి, సన్నగిల్లే నాదాన్ని పైకి లేపుతుంది. అందుకే స్వరం అంతసేపు నిలుస్తుంది. మీ గిటార్‌కు తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ పెట్టి, కంప్రెసర్ పెడల్‌ను 4:1 నిష్పత్తి దగ్గర మొదలుపెట్టండి. మరీ పెంచితే రొద కూడా పైకొస్తుంది.

ఇక జి జతలోని సన్న తీగ మందం అంగుళంలో వెయ్యోవంతులు ఎనిమిదో తొమ్మిదో. దాని శ్రుతి హెచ్చు స్థాయి ఇ తీగ కంటే కూడా ఎక్కువ, అందుకే తెగుతుంది. తీగలన్నీ ఒక టోన్ దించి, రెండో ఫ్రెట్‌పై కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టండి. గిటార్ మెడ చివర తీగలు ఆనే పట్టీ, అంటే నట్, గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దండి, తీగ పట్టేయకుండా జారుతుంది.