అమ్మ కోసం యాత్ర సరే, అప్పు ఎందుకు?

ప్రశ్న: మా నాన్న చనిపోయి నాలుగు నెలలైంది. అమ్మ ఇంట్లోంచి బయటికి రావడం లేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. అందరం కలిసి ఒక్కసారైనా దూరం వెళ్లి రావాలని నాన్న తరచూ అనేవారు. అది తీరకుండానే పోయారు. అందుకే పిల్లల సెలవుల్లో, అంటే ఇంకో మూడు నెలల్లో, అమ్మను, చెల్లి కుటుంబాన్ని, తమ్ముణ్ని తీసుకుని పది రోజులు విదేశానికి వెళ్లి రావాలనుకుంటున్నాను. పెద్దకొడుకుని కాబట్టి ఖర్చంతా నాదే. టికెట్లకు, బసకే మా ఇంటి ఐదు నెలల ఖర్చంత అవుతుంది. దానికి పర్సనల్ లోన్ తీసుకుని, అక్కడి ఖర్చులకు క్రెడిట్ కార్డు వాడి, నాన్న బీమా డబ్బు, డిపాజిట్లు చేతికి రాగానే అన్నీ తీర్చేద్దామని ఆలోచన. నా జీతంలో నాలుగో వంతు మిగులుతుంది. ఖాతాలో రెండు నెలల ఖర్చులకు సరిపడా ఉంది. కొంత అడ్వాన్సు కట్టేశాను, మిగతాది రెండు వారాల్లో కట్టాలి. అమ్మకు సర్‌ప్రైజ్ ఇద్దామని ఇంకా చెప్పలేదు. లోన్ మూడేళ్లకు తీసుకోవడం మంచిదా, ఐదేళ్లకా?

జవాబు: రెండూ వద్దు.

నాన్నగారిని పోగొట్టుకున్న బాధలో ఉన్నారు, అమ్మగారిని చూస్తే ఏదో ఒకటి చేయాలనిపించడం సహజం. యాత్ర ఆలోచనకు నేను అడ్డు చెప్పడం లేదు. నా అభ్యంతరమంతా దానికి డబ్బు తెచ్చే దారి మీద. ఇంటి పెద్ద పోయిన కొద్ది నెలలకే, ఇంకా చేతికి రాని డబ్బును నమ్ముకుని అప్పు చేసే వాళ్లను చాలామందిని చూశాను. కొందరు ఇంటికి మరమ్మతులు చేయిస్తారు, కొందరు కారు కొంటారు, కొందరు యాత్ర పెట్టుకుంటారు. పేరు వేరైనా పొరపాటు ఒకటే. అందుకే మీ ఉత్తరానికి కాస్త గట్టిగానే బదులిస్తున్నాను.

ఖాతాలో రెండు నెలల ఖర్చులకు ఉందని ధీమాగా రాశారు. ఇన్నేళ్లూ అంత తక్కువతో మీరు ఎలా నెట్టుకొచ్చారో ఎప్పుడైనా ఆలోచించారా? మీ అత్యవసర నిధి మీ నాన్నగారే. ఉద్యోగం పోతే నాలుగు నెలలు ఆయన చూసుకుంటారు, పిల్లవాడు ఆసుపత్రిలో చేరితే అడ్వాన్సు ఆయన కడతారు అన్న భరోసా మీ లెక్కల్లో రాయకుండానే ఉండిపోయింది. ఆయనతోపాటు అదీ పోయింది. పైగా ఇప్పటివరకు మీ వెనక నిలబడిన ఇల్లు ఇప్పుడు మీ మీద ఆధారపడుతుంది. అంటే మీకు కావాల్సిన నిధి ఒక్కసారిగా పెరిగింది, ఉన్న నిధి మాత్రం అక్కడే ఉంది. దాన్ని పెంచాల్సిన మిగులునేమో అప్పు వాయిదాలకు తాకట్టు పెడతానంటున్నారు.

లెక్క చూద్దాం. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. పిల్లలు, ఒక్కరి జీతం, వయసు మళ్లిన తల్లి బాధ్యత ఉన్న ఇంటికి ఇంతకన్నా తగ్గితే నేను ఒప్పుకోను. రెండు నెలలది ఉంది, ఇంకా నాలుగు నెలలది కావాలి. జీతంలో నాలుగో వంతు మిగులుతుందంటే, ఖర్చుతో పోలిస్తే మీ మిగులు మూడో వంతు. మూడు నెలలు దాస్తే ఒక నెల ఖర్చు జమవుతుంది. అంటే అప్పు లేకుండా, క్రమం తప్పకుండా దాచుకుంటూ వెళ్తే మీ నిధి నిండటానికి పన్నెండు నెలలు పడుతుంది. అది మీ ఇంటి మాట మాత్రమే.

అమ్మగారి ఇంటికి వేరే లెక్క ఉంది. ఒకరు తగ్గారు కాబట్టి ఖర్చు సగమవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. కుటుంబాల ఖర్చులను పోల్చడానికి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) పేరుతో ఉన్న ఒక కొలమానంలో ఇంట్లో మొదటి వయోజనుడికి 1, రెండో వారికి 0.5 వేస్తారు. ఇద్దరున్నప్పుడు 1.5 ఉన్నది ఒక్కరే మిగిలితే 1 అవుతుంది. ఖర్చులో మూడింట రెండు వంతులు అలాగే ఉండిపోతుందన్నమాట. అద్దె, కరెంటు, ఇంటి మరమ్మతులు మనుషుల్ని లెక్కపెట్టి రావు. ఇక నాన్నగారికి పింఛను వస్తూ ఉంటే, భార్యకు అందేది సాధారణంగా దానికన్నా తక్కువే. ఆదాయం ఎక్కువ తగ్గి, ఖర్చు తక్కువ తగ్గిన ఇల్లది. ఆమెకూ కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా, ఆమె పేరుమీద, ఆమె చేత్తో తీసుకోగలిగేలా ఉండాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? మీరు యాత్ర అప్పు తీర్చడానికి రాసిపెట్టుకున్న ఆ బీమా డబ్బు నుంచే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన వాక్యం అదే. నాన్న డబ్బు రాగానే కట్టేస్తాను అన్నారు. వాటాలు ఎవరికెంత అనేది చట్టం, వీలునామా చూసుకుంటాయి. కానీ అవసరం రీత్యా ఆ డబ్బు మీ అమ్మగారి మిగతా జీవితానికి దారిబత్తెం. ఆమె ఇంకో ఇరవై ఏళ్లు, పాతికేళ్లు దాని మీద బతకాల్సి రావచ్చు. ఆమెకు సర్‌ప్రైజ్ యాత్ర ఇచ్చి, దాని బిల్లును ఆమెకు తెలియకుండా ఆమె డబ్బుతోనే కట్టబోతున్నారు. మీరు అలా అనుకుని ఉండరని తెలుసు. లెక్క మాత్రం అలాగే తేలుతోంది.

అదైనా ఎప్పుడొస్తుందో చెప్పగలరా? పాలసీలో పేరు ఒకలా, గుర్తింపు కార్డులో ఇంకోలా ఉంటే క్లెయిం ఆగిపోతుంది. నామినీగా ఎప్పుడో చనిపోయిన తాతగారి పేరు ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి. పాలసీ తీసుకుని ఎక్కువ కాలం కాకపోతే కంపెనీ విచారణ జరుపుతుంది. డిపాజిట్లకు వారసత్వ పత్రాలు అడగవచ్చు. నాన్నగారి పేరుమీద అప్పులు, కార్డు బకాయిలు ఉంటే సాధారణంగా ముందు ఆయన ఆస్తిలోంచి అవి తీరాకే మిగిలింది వారసులకు వస్తుంది. హామీ సంతకం చేసి ఉంటే తప్ప ఆ అప్పు మీ జేబులోంచి కట్టాల్సిన పని మామూలుగా ఉండదు. ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తే కంగారుపడి కట్టకండి, కాగితం అడగండి. ఇవన్నీ తేలేలోపు వాయిదాల తేదీ మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీరడిగిన మూడేళ్లా, ఐదేళ్లా సంగతి. 14 శాతం వడ్డీ అనుకుంటే, ప్రతి 100కు మూడేళ్లలో దాదాపు 123, ఐదేళ్లలో దాదాపు 140 తిరిగి కడతారు. మీరు చెప్పిన మొత్తానికి మూడేళ్ల వాయిదా మీ నెలవారీ మిగులులో సగం తినేస్తుంది. పన్నెండు నెలల్లో నిండాల్సిన నిధి రెండేళ్లకు జరిగిపోతుంది. పది రోజుల యాత్ర కోసం రెండేళ్లు దన్ను లేకుండా బతకడం! ఈ రెండేళ్లలో ఉద్యోగానికి ఏమీ కాకూడదు, అమ్మగారికి జ్వరం కూడా రాకూడదు. అలా జరగదని ఎవరు హామీ ఇచ్చారు? ఏమీ కాదనుకున్న ఇంట్లో ఏమవుతుందో నాలుగు నెలల కిందట మీరే చూశారు.

అక్కడి ఖర్చులకు కార్డు అన్నారు. దీనికి జవాబు రాయాలంటేనే విసుగొస్తోంది. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 కాదు, చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. కనీస మొత్తంగా 5 శాతం కట్టి హాయిగా ఉంటే, అందులో 3 వడ్డీకే పోయి అసలులో తగ్గేది 2. బకాయి ఉంచినంత కాలం చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకూ వడ్డీలేని గడువు పోతుంది, తిరిగొచ్చాక కొన్న సరుకులకూ వడ్డీ పడుతుంది. విదేశీ కరెన్సీలో వాడితే మారకం రుసుము వేరే. ఇక నో కాస్ట్ ఈఎంఐ అని ట్రావెల్ ఏజెంటు చెప్పి ఉంటే, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి. వడ్డీ ఎక్కడ దాక్కుందో ఆయన నోటితోనే చెబుతారు.

డిపాజిట్ మీద అప్పు, బంగారం మీద అప్పు చవక కదా అని కొందరు పాఠకులు రాస్తారు. చవకే. విహారానికి అదీ వద్దు.

ఇంకో మాట. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు వైద్యులు 1967లో జీవితంలోని మార్పులు మనిషి మీద మోపే ఒత్తిడికి ఒక కొలబద్ద తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100, దగ్గరి కుటుంబ సభ్యుల మరణానికి 63, ఆర్థిక స్థితి మారడానికి 38 మార్కులు. విహారయాత్ర కూడా ఆ జాబితాలో ఉంది, దానికి 13. అమ్మగారు ఆ 100 మోస్తున్నారు, మీరు 63 మోస్తున్నారు. ఆ బరువుతో ఉన్నవాళ్లు వెనక్కి తీసుకోలేని పెద్ద ఆర్థిక నిర్ణయాలేవీ మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా చేయొద్దని మా ఆర్థిక సలహా వృత్తిలో చాలామందిమి చెబుతాం. ఇల్లు అమ్మడమైనా, వచ్చిన డబ్బంతా ఒకేచోట పెట్టడమైనా, పెద్ద అప్పైనా అంతే.

పెద్దకొడుకుని కాబట్టి ఖర్చంతా నాదే అని ఎవరు పెట్టిన షరతు? చెల్లెలు, బావగారు, తమ్ముడు అడిగారా? అడగకుండానే మీరు నెత్తినేసుకున్నట్టు కనిపిస్తోంది. నాన్నగారి స్థానంలో నిలబడటమంటే అందరి టికెట్లూ కొనడమనుకుంటున్నారు. ఆయన ఇన్నేళ్లలో అప్పు చేసి ఎప్పుడైనా అందరినీ విహారానికి తీసుకెళ్లారా? ఆ కోరికను వాయిదా వేస్తూ వచ్చారంటే ఆయనకూ ఒక లెక్క ఉండే ఉంటుంది.

బీమా గురించి క్లుప్తంగా. అమ్మగారి ఆరోగ్య బీమా నాన్నగారి ఉద్యోగం ద్వారా వచ్చిందైతే అది ఇంకా ఉందో, ఆగిపోయిందో ఈ వారమే కనుక్కోండి. ఆగిపోయి ఉంటే కొత్త పాలసీలో ఉన్న జబ్బులకు ఎదురుచూసే కాలం పెట్టవచ్చు కాబట్టి ఒక్క నెల ఆలస్యమూ నష్టమే. మీ జీవిత బీమా (టర్మ్ పాలసీ) మొత్తం పెంచండి, ఇప్పుడు మీ మీద ఇంకొకరు ఆధారపడ్డారు. విదేశానికి వెళ్లేటట్లయితే ప్రయాణ బీమాలో అమ్మగారికి ముందే ఉన్న జబ్బులు వర్తిస్తాయో లేదో చదవండి. చాలా పాలసీల్లో వర్తించవు, బీపీ, షుగర్ దాచి తీసుకున్న పాలసీ ఆసుపత్రిలో అక్కరకు రాదు.

మరి యాత్ర? వెళ్లండి, చేతిలో ఉన్నంతలో. సెలవులకు మూడు నెలలుంది. ఆ మూడు నెలల్లో మీ మిగులు ఒక నెల ఖర్చంత అవుతుంది. అందులో సగం నిధికి వెళ్లాల్సిందే, ఇందులో బేరం లేదు. మిగతా సగం మీ వాటా. చెల్లెలు, తమ్ముడు వాళ్ల వాటా వేసుకుంటారు. ఆ డబ్బుతో పది రోజుల విదేశం రాదు. మూడు రోజులు, రైల్లోనో కారులోనో వెళ్లగలిగే దూరం, అందరూ ఒకేచోట ఉండే బస వస్తాయి. ఉన్న రెండు నెలల నిధిని ముట్టుకోకూడదు. పెద్ద యాత్ర అంటారా, నిధి నిండాక విడిగా ఖాతా తెరిచి, నలుగురూ నెలనెలా వేసుకోండి. ఒకటిన్నర, రెండేళ్ల తర్వాత అప్పు లేకుండా వెళ్తారు.

అంతకన్నా ముందు అమ్మగారిని అడగండి. ఈ ఉత్తరంలో ఆమె పేరుమీద ఇంత జరుగుతోంది, ఆమె మాట ఒక్కటీ లేదు. నాలుగు నెలలుగా గడప దాటని మనిషిని పది రోజులు, రెండు విమానాలు, ఇంతమంది హడావిడిలోకి తోయడం ఆమెకు ఊరటో, శిక్షో మీకు తెలియదు. ఆమె వద్దంటే? ఇంకో ఆరు నెలలు ఆగుదామంటే? వాళ్ల అక్కగారింట్లో వారం ఉండొస్తాననవచ్చు, అప్పుడు మీకయ్యేది ఒక్క టికెట్టు. అలాగే క్లెయిం కాగితాల పనులన్నీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. ఏ ఖాతాలో ఎంత ఉందో, ఏ నెలలో ఏం వస్తుందో ఆమెకు తెలియాలి. కొందరికి యాత్ర కన్నా అదే ఎక్కువ ధైర్యమిస్తుంది.

కట్టిన అడ్వాన్సు గురించి రెండు వారాలు ఆగకండి. రద్దు షరతులు సాధారణంగా ప్రయాణ తేదీ దగ్గరపడే కొద్దీ కఠినమవుతాయి. రేపే ఏజెంటుకు మెయిల్ రాసి మూడు విషయాలు అడగండి: రద్దు చేస్తే ఎంత పోతుంది, తేదీ మార్చుకోవచ్చా, మనుషుల్ని తగ్గించవచ్చా. మరణం తర్వాత కుటుంబ పరిస్థితి మారిందని చెప్పండి, కొందరు సడలిస్తారు. వోచర్ ఇస్తామంటే గడువు ఎంతో, డబ్బుగా మార్చుకునే వీలుందో రాతపూర్వకంగా తీసుకోండి. 2020లో ప్రయాణాలు ఆగినప్పుడు వోచర్లు తీసుకుని, గడువు దాటాక చూసుకున్నవాళ్లు ఎందరో. ఒకవేళ అడ్వాన్సు పూర్తిగా పోయినా పోనివ్వండి. పోయిన దానికోసం ఐదు నెలల ఖర్చంత అప్పు చేయక్కర్లేదు. లోన్‌కు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, మంజూరు కాకముందే వెనక్కి తీసుకోండి.